ఎవరు నువ్వు అని అడగని మోడ్‌బస్

ఇవాళ పంప్‌హౌస్‌లో మోటార్ వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లోని ఒక రిజిస్టర్‌లో మోడ్‌బస్ ద్వారా 4500 అని రాశాను. అంటే 45 హెర్ట్జ్.
పక్క గదిలో మోటార్ మోత తగ్గింది.

ఎవరు నువ్వు అని డ్రైవ్ అడగలేదు.

మోడ్‌బస్ అంటే నాకు చాలా గౌరవం. పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈ ప్రోటోకాల్‌ని 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (పారిశ్రామిక కంట్రోలర్ల) కోసం తయారుచేసింది. ఇప్పటికీ ఎనర్జీ మీటర్, డ్రైవ్, సోలార్ ఇన్వర్టర్, ఇలా చాలావాటి వెనక ఏ, బీ అని రెండు టెర్మినళ్లుంటాయి. వైర్లు బిగించి, అడ్రస్ ఇచ్చి, బాడ్ రేటు కలిపితే ఏ కంపెనీదైనా మాట్లాడుతుంది. మాస్టర్ అడుగుతుంది, స్లేవ్ జవాబిస్తుంది. చివర్లో రెండు బైట్ల సీఆర్‌సీ.
అది దారిలో మెసేజ్ చెడిందా లేదా అనే చూస్తుంది. పంపిందెవరో దానికి అక్కర్లేదు.

వైరు ప్యానెల్ గది దాటనప్పుడు సరిపోయింది. ఇప్పుడు మోడ్‌బస్‌నే ఇంటర్నెట్ మీదకి ఎక్కించేస్తున్నాం.

2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని ల్వీవ్‌లో ఎవరో మోడ్‌బస్ ఆదేశాలు పంపి హీటింగ్ కంట్రోలర్లు తప్పుడు కొలతలు చూపేలా చేశారు. గడ్డకట్టే చలిలో 600కు పైగా అపార్ట్‌మెంట్ భవనాలకి దాదాపు రెండు రోజులు వేడి లేదు.
ఆ ఇళ్లలో ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటారు కదా...

ప్లాంట్లలో పనిచేసే మిత్రులారా, మీ దగ్గర మోడ్‌బస్ వాడే 502 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి ఉందేమో చూడండి. ఉంటే ఇవాళే మూయించండి. మీరెలా కట్టడి చేస్తున్నారో కింద రాయండి, నేనూ నేర్చుకుంటాను.