రిచీ వీధిలో రెండు పెట్టెలు

అణ్ణా సాలైని మా ఇంట్లో ఇప్పటికీ మౌంటు రోడ్డనే అంటాము. దానికి ఆనుకున్న సందుల్లో ఉన్నది రిచీ వీధి. విడిభాగాలు మొదలు కంప్యూటర్ల దాకా అక్కడ దొరకనిది అరుదు. మొన్న శనివారం స్పీకర్ల కోసం వెళ్లాను.

మా అమ్మకు డెబ్బయి దాటాయి. కొత్త టీవీ పలకలాగా పలుచన. దాని స్పీకర్లు నేలవైపు తిరిగి ఉంటాయి. సంగీతం వినబడుతుంది గాని మాట తెలియదు. “వాళ్లు మాట్లాడేది తెలుగేనా, నాయనా?” అని అమ్మ అడిగిన రోజున మనసు చివుక్కుమన్నది.

దుకాణదారు తమిళంలో వాట్ల లెక్క మొదలుపెట్టాడు. “అది అటుంచి, ఈ పాట పెట్టండి” అని నాకు కంఠతా వచ్చిన ఘంటసాల పాట ఫోనులో ఇచ్చాను. పెద్ద పెట్టెలో దడదడ తప్ప మాట తేలలేదు. నాలుగంగుళాల చిన్న జతలో అక్షరమక్షరమూ విడిగా పలికింది. ఆంప్లిఫయరు లోపలే ఉన్న రకం గనుక వేరే ఖర్చు లేదు.

ఇంటికి తెచ్చి టీవీకి చెరొక ప్రక్క, గోడకు జానెడు ఎడంగా, అమ్మ కూర్చుంటే చెవికి సమానమైన ఎత్తున ఉంచాను. పాత సినిమా వస్తున్నది. అమ్మ కాసేపు విని, “తెలుగే!” అన్నది.

మీరూ కొనబోతే బాగా తెలిసిన పాటనొకటి వెంట తీసుకుపొండి.