గట్టుమీద నడిచేవాళ్లే ముందు!

షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్‌కి వచ్చినవాళ్లు ఆయన ఇల్లు చూసి, ఫొటోలు దిగి, సాయంత్రానికి వెళ్లిపోతుంటారు. రెండేళ్ల కిందట మేమూ అంతే చేశాం. మొన్న ఏప్రిల్ చివర్లో బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికెళ్తే, ‘ఈసారి ఊరు కాదు నాన్నా, నది చూద్దాం’ అన్నాడు. అలా ఏవన్ నదిమీద ఒకరోజుకి నారోబోటు అద్దెకు తీసుకున్నాం.

పేరుకు తగ్గట్టే ఇది సన్నటి పడవ. వెడల్పు ఏడడుగుల లోపే. పొడవు మాత్రం కొన్నిటికి డెబ్భై అడుగులు! 18వ శతాబ్దంలో ఇంగ్లండులో తవ్విన చాలా కాలువల్లో లాకులు ఇరుకు. వాటిలో పట్టేలా పడవల్ని ఇలా కట్టారు. అప్పట్లో ఇవి బొగ్గు మోసేవి. గట్టుమీద గుర్రం నడుస్తూ తాడుతో లాగేది. ఇప్పుడు డీజిల్ ఇంజిను ఉంది. మా పడవలోనైతే సరుకుల చోట బల్ల, కుర్చీలు, టీ పెట్టుకునేందుకు పొయ్యి ఉన్నాయి.

వెనకవైపు నిలబడి నడపాలి. చుక్కాని కర్రని ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. అదీ వెంటనే కాదు, కాస్త ఆలోచించుకుని! గంటకు ఆరు కిలోమీటర్లు వెళ్తే గొప్ప. చంటిబిడ్డని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని గట్టుమీద నడుస్తున్న ఒకావిడ మమ్మల్ని దాటి వెళ్లిపోయింది.

నదిని ఆనుకునే పెద్ద నాటకశాల. కొంచెం దిగువన హోలీ ట్రినిటీ చర్చి. 1564లో షేక్‌స్పియర్‌కి బాప్టిజం ఇచ్చిందీ, 1616లో ఆయన్ని సమాధి చేసిందీ అక్కడే. విల్లో చెట్లు లేత ఆకులతో నీళ్లమీదికి వంగి ఉన్నాయి. తల్లిబాతు వెనక పిల్లలు వరుసకట్టి వెళ్తుంటే మా మనవరాలు లెక్కపెట్టడం మొదలెట్టింది.

చర్చి దాటగానే లాకు. దాన్ని చూడగానే మా ఆవిడ, ‘ఇది మా బొబ్బర్లంక లాకు లాంటిదే కదండీ!’ అంది. తనది కోనసీమ. పడవ తొట్టిలోకి వెళ్లాక వెనక తలుపులు మూసేశాం. ఇనుప హ్యాండిల్ తిప్పి ముందు తలుపుల్లోని తూములు తెరిస్తే నీళ్లు దిగువకు పోయి పడవ మెల్లగా కిందికి దిగింది. రెండుపక్కలా నీళ్లు సమానమయ్యాక, తలుపు దూలానికి వీపు ఆనించి తోయాలి. దారినపోయే ఇద్దరు ఆగి మాకు సాయం పట్టారు. ఇక్కడ నేల గట్టిది కాదు. గోడలు లోపలికి ఒరగకుండా తొట్టికి అడ్డంగా ఉక్కు దూలాలు పెట్టారు.

ఈ దారి ఎప్పుడూ ఇలా లేదు. 1630ల్లో విలియం శాండిస్ అనే ఆయన ఏవన్‌ని పడవలకు అనువుగా మార్చాడు. రైళ్లొచ్చాక ఈవ్‌షామ్, స్ట్రాట్‌ఫర్డ్‌ల మధ్య లాకులు శిథిలమై పడవలు ఆగిపోయాయి. దాదాపు వందేళ్ల తర్వాత డేవిడ్ హచింగ్స్ అనే ఆర్కిటెక్టు నాయకత్వంలో స్వచ్ఛంద కార్యకర్తలు పలుగూ పారా పట్టారు. జైలు ఖైదీలు కూడా పనిచేశారు. డబ్బు చాలావరకు విరాళాలే. 1974లో పడవలు మళ్లీ తిరిగాయి. ఈ లాకుల్లో కొన్నిటికి దాతల పేర్లే పెట్టారు.

ఇదంతా అబ్బాయి చెబుతుంటే మా ఆవిడ ఆలోచనలో పడింది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతోపాటు కాటన్ దొర వేసిన కాలువలు పొలాలకే కాదు, పడవలకీ దారే. వాళ్ల తాతగారు వడ్లు పడవలోనే పంపేవారట. ‘మనకి కాలువలున్నాయి, లాకులున్నాయి. పడవలే లేవు’ అంది.

మధ్యాహ్నానికి లడింగ్టన్ చేరి, పడవని గట్టుకి కట్టి పులిహోర, పెరుగన్నం తిన్నాం. అయిదు కిలోమీటర్లు రావడానికి పూటంతా పట్టింది. ఎవరూ గడియారం చూడలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే ఏప్రిల్, మే నెలలు బాగుంటాయి. పెద్ద వానలు పడితే నది పొంగి పడవలు ఆపేస్తారు కాబట్టి ముందే కనుక్కోండి. ఎండ కాస్తున్నా సరే స్వెట్టరు మర్చిపోవద్దు. చుక్కాని దగ్గర గాలి చల్లగా కొడుతుంది.