ఆరు ఆంపియర్ల లెక్క

అమలాపురం దగ్గర పల్లెలో మాది తాటాకిల్లు. గోడకి ఒకటే ప్లగ్గు. దానికి నాలుగు ప్లగ్గుల బాక్సు తగిలించి టీవీ, సెల్ ఛార్జర్లు నడిపేవాళ్ళం. బాక్సు మీద ‘స్పైక్ గార్డ్’ అని ఉంది కదా, ఏమీ కాదనుకున్నాం.

మొన్న భోగినాడు నాన్నకి జ్వరం. వేణ్ణీళ్ళకని హీటరు రాడ్డు అందులోనే పెట్టాం, పక్కన తమ్ముడు ఇస్త్రీ పెట్టె. కాసేపటికి కాలిన వాసన! అమ్మ వంటపాకలోంచి పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపేసింది. వైరు తొడుగు కరిగి గోడకి అంటుకుపోయింది. దానికి జానెడు పైనే తాటాకు.

“ఏరా అబ్బాయీ, నువ్వు చదివింది ఇదే కదా?” అంది.

మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది మేమొక్కరమే, అదీ ఎమ్మెస్సీ ఫిజిక్స్! హాస్టల్లో జూనియర్లకి ఈ లెక్కలు చెప్పినవాళ్ళం. 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర మోయగలిగింది 1380 వాట్లు. రాడ్డు 1500, ఇస్త్రీ పెట్టె 1000. స్పైక్ గార్డ్ ఉన్నట్టుండి ఎగిరే వోల్టేజీని అడ్డుకుంటుంది గాని, మనం ఎక్కించే లోడును కాదు. ప్లగ్గులు నాలుగైనా గోడలోంచి వచ్చే తీగ ఒక్కటే.

స్కాలర్‌షిప్ డబ్బులతో మీటరు దగ్గర్నుంచి లావు తీగ, ఎర్తుతో 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించాం. అమ్మ మాత్రం ఇప్పటికీ నీళ్ళు పొయ్యి మీదే కాస్తోంది.