నునుపుగా ఉండలేని ముఖం

చెమటకాయల మీద రాసే క్యాలమైన్ లోషన్‌లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. బండి టైరు రబ్బరులోనూ ఉంటుంది. ఇంత మామూలు పదార్థం తన పైపొరను ఎలా నిలబెట్టుకుంటోందో తెలిశాక, నా ధ్యాస అక్కడి నుంచి కదలనంటోంది.

జింక్ ఆక్సైడ్ స్ఫటికాన్ని ఒక దిక్కుగా చూస్తే జింకు పొర, ఆక్సిజన్ పొర, మళ్లీ జింకు. ధనం మీద రుణం, రుణం మీద ధనం. పొరలు పెరిగేకొద్దీ రెండు కొసల మధ్య వోల్టేజీ కూడా పెరుగుతూ పోవాలి. అలాంటి ముఖం నిలవకూడదు. 1979లో శాస్త్రవేత్త టాస్కర్ స్ఫటిక ఉపరితలాలను మూడు రకాలుగా విడదీసి, ఇలాంటివాటిని మూడో రకంలో చేర్చాడు. జింకు వైపు ధనావేశం సుమారు నాలుగో వంతు తగ్గితేనే లెక్క కుదురుతుంది. స్ఫటికం నిలిచే ఉంది కాబట్టి ఎలాగో తగ్గించుకుంటోందన్నమాట. ఎలా?

అది కళ్లతో చూడాల్సిందే. 1981లో జ్యూరిచ్ ఐబీఎం ప్రయోగశాలలో బిన్నిగ్, రోరర్‌ల చేతుల్లో రూపుదిద్దుకున్న స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ అందుకు దారి చేసింది. ఉపరితలానికి తగలకుండా, నానోమీటరు లోపు ఎడంలో లోహపు మొనను నడుపుతారు. ఆ ఎడం ఒక్క ఆంగ్‌స్ట్రామ్ పెరిగితే చాలు, మొనకూ ఉపరితలానికీ మధ్య పారే కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది.

2003లో దులుబ్, డీబోల్డ్, క్రెస్సె ప్రచురించిన చిత్రాల్లో జింకు ముఖం నిండా త్రికోణాలే. కొన్ని దిబ్బలు, కొన్ని గుంటలు. ఒక్కో మెట్టు ఎత్తు పావు నానోమీటరు. ముగ్గులో 5 చుక్కలు పెట్టి, ఒకటి వచ్చేవరకు తగ్గించుకుంటూ వెళ్లండి. ఆ 15 చుక్కలు ఆక్సిజన్‌లు. పెద్ద త్రికోణం చూసే వైపే చూసే మూడేసి చుక్కల నడుమ పెట్టే సందు చుక్కలు జింకులు. అవి 10 మాత్రమే. అంచు పొడవునా ఆక్సిజనే, దిబ్బ మొత్తంలో దానిదే పైచేయి, కాబట్టి ధనావేశం ఆ మేరకు తగ్గుతుంది. గుంటలదీ ఇదే పద్ధతి. త్రికోణం చిన్నదయ్యేకొద్దీ, వైశాల్యంతో పోలిస్తే అంచు ఎక్కువ. అందుకే అన్ని చిన్న చిన్న త్రికోణాలు. చూడగానే లోపాలనిపించేవే ఇక్కడ ఆ ముఖాన్ని మోస్తున్నాయి. ఒక్క చిత్రంలో ఇంత అంకగణితం కనిపించడం నాకు అద్భుతంగానే ఉంటుంది.

అన్నిటిదీ ఒకే దారి కాదు. 2018లో వియన్నా పరిశోధకుల బృందం ఇలాంటి ధన, రుణ పొరలే ఉన్న పొటాషియం టాంటలేట్‌ను శూన్యంలో చీల్చి చూసింది. వేడిచేస్తే ఆ ముఖం మీద చారలు ఏర్పడ్డాయి. నీటి ఆవిరి తగిలినప్పుడు హైడ్రాక్సిల్ పొర వరసలు దీరింది. భారం అదే, తీర్చుకున్న తీరు వేరు.