తెర కొనబోతే...

పట్టుచీర కొనడం నాకు చేతనైన విద్య. అంచు ఇలా వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే చాలు, పెట్టిన డబ్బుకి తగిన చీరో కాదో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, మొన్న మా అబ్బాయికి కంప్యూటరు మానిటరు కొనబోయి, నలభై దాటిన వయసులో మళ్ళీ ఒకటో తరగతి బెంచీ మీద కూచున్నాను.

తప్పు నాదే లెండి. ఇంటర్‌లో మంచి మార్కులొస్తే ఏం కావాలంటే అది కొనిపెడతానని నోరు జారాను. వాడు మార్కులు తెచ్చుకుని కూచున్నాడు. "గేమింగ్ మానిటర్ అమ్మా" అన్నాడు. నవల తాలూకు డబ్బు కాస్త చేతికొచ్చిందన్న ధైర్యంతో సరేనన్నాను. "ఏమండీ, మీరూ రాకూడదూ?" అంటే మావారు పేపరు దించకుండానే, "నాకు క్రికెట్టు కనిపించే తెర ఏదైనా ఒకటే. మీరిద్దరూ వెళ్ళిరండి" అన్నారు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. ఎటు చూసినా కంప్యూటర్ల కొట్లే. ఓ కొట్లో కుర్రవాడు రెండు తెరలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి 24 అంగుళాలది, 12 వేలు. రెండోది 27 అంగుళాల ఓలెడ్, 65 వేలు.

ఆ రెండోదాని మీద ఏదో చీకటి అడవి బొమ్మ నడుస్తోంది. చెప్పొద్దూ, నా కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. నలుపంటే కాటుక నలుపు! "దీంట్లో ప్రతి చుక్కకీ దాని వెలుగు దానిదే ఆంటీ. నల్లగా ఉండాల్సిన చోట ఆ చుక్క ఆరిపోతుంది. చవకదాంట్లో వెనకాల దీపం వెలుగుతూనే ఉంటుంది, అందుకని నలుపు కాస్త బూడిదగా తేలుతుంది" అన్నాడు కుర్రవాడు.

"ఇదే తీసుకుందాంరా" అన్నాను. కూరల బండి దగ్గర అయిదు రూపాయల కోసం పావుగంట వాదించే మనిషిని, ధర రెండోసారి అడగనైనా లేదు!

మావాడు నవ్వాడు. "ఆగమ్మా, లెక్క చూడు. ఇంట్లో ఉన్నది సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మకీ దాదాపు 17 మిల్లీ సెకన్లు. ఈ చవకది 144 సార్లు, అంటే 7. పది కలిసొచ్చాయా? ఆ ఖరీదుది 240 సార్లు, అంటే 4 పైచిలుకు. దాంతో కలిసొచ్చేది మూడు కూడా లేదు."

"సినిమాకి సెకనుకి 24 బొమ్మలే కదరా, హాయిగా చూడటంలేదూ?" అన్నాను, నాకు తెలిసిన ఒక్క ముక్కా వదులుతూ.

"సినిమా ఊరికే చూస్తాం. ఆటలో నేను మౌస్ కదిపితే బొమ్మ కదలాలి. ఆలస్యమైతే చేతికి తెలిసిపోతుంది. ఇంకో సంగతి. ఆ పెద్దదాని మీద దాదాపు 37 లక్షల చుక్కలు. ఈ చిన్నదాని మీద 21 లక్షలు. అవన్నీ గీయాల్సింది మన కంప్యూటర్లో ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు. నేనాడే ఆటల్లో చిన్న తెరకే సెకనుకి వంద బొమ్మలు గీసేసరికి దానికి ఆయాసం. ఇక 240 ఎక్కణ్ణించి తెస్తుంది?"

సోలెడు బియ్యానికి గంగాళం ఎందుకన్నట్టు ఉంది వాడి వాదం. వంట భాషలో చెబితే నాకూ అర్థమవుతుంది మరి. పైగా, ఒకే బొమ్మ రోజూ గంటల తరబడి కదలకుండా నిలబడితే ఓలెడ్ మీద దాని మచ్చ పడే ప్రమాదం ఉందట. చవకదాని లోపమల్లా, దాని స్టాండు ముందుకీ వెనక్కీ వంగుతుందే కాని ఎత్తు పెరగదు. "కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టుకోండి ఆంటీ" అన్నాడు కుర్రవాడు. అమ్ముడుపోని నా నవలలు అటక మీద బోలెడున్నాయి, ఆ చింత లేదు.

అయినా నేను ఊరుకోలేదు. "డబ్బు సంగతి నీకెందుకు? తక్కువది కొనుక్కున్నానని రేపు బాధపడతావు" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "నాకేం బాధ లేదమ్మా. నీకెందుకు బాధ?"

జవాబు దొరక్క 12 వేలూ కట్టేశాను. ఆటోలో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచున్నాక గాని తట్టలేదు.

1987. ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో రామాయణం. దేశంలో రంగుల ప్రసారాలు 1982లోనే మొదలయ్యాయి గాని, మా నాన్నగారి జీతానికి వాయిదాల మీద అందింది బ్లాక్ అండ్ వైట్ టీవీ. దాని ముందు నీలం ప్లాస్టిక్ షీటు ఒకటి తగిలించి, "చూశావుటే, మనదీ రంగుల టీవీయే!" అన్నారు సంబరంగా. ఎనిమిదేళ్ళదాన్ని, "మన టీవీలో రాముడూ రావణుడూ ఒకటే రంగు" అనేసి, పక్కింట్లో కలర్ టీవీ చూడ్డానికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి నాన్నగారు ఒక్కరే టీవీ ముందు కూచునున్నారు. ఆయన పక్కన నాకోసం వేసిన పీట అలాగే ఉంది. ఒక్క మాటా అనలేదాయన. ఇప్పుడాయన లేరు.

మావాడికి తక్కువైందన్న బాధ కాదు నాది. ఆ పీట మీద కూచోలేదన్న బాధ. దాన్ని 65 వేలు పెట్టి తీర్చుకుందామనుకున్నాను.

ఇంటికొచ్చి మావాడు తీగలు తగిలించాడు. "144 అని మనం సెట్టింగుల్లో చెబితేగాని ఒక్కోసారి ఇది 60 దగ్గరే ఉండిపోతుంది" అంటూ ఏదో నొక్కాడు. కింద నా నవలలు రెండు దూర్చాడు. తర్వాత పక్కన కుర్చీ లాగి, "రామ్మా, కూచుని చూడు" అన్నాడు.

స్టవ్ మీద కాఫీకి పాలు పెట్టి ఉన్నాయి. కట్టేసి వచ్చి కూచున్నాను. 60కీ 144కీ తేడా ఏమిటో, నిజం చెప్పాలంటే, నాకు ఒక్క ముక్క తెలియలేదు.

"ఎంత బావుందిరా!" అన్నాను.

ఆవేళ మావారికి కాఫీ అరగంట ఆలస్యమైంది లెండి.