ఫిల్లీలో పదో వంతు

హైదరాబాద్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసి, రేసు గుర్రంలో పదో వంతు వాటా తీసుకోమన్నాడు. "మలక్‌పేటలో పరిగెత్తే ఫిల్లీ అన్నా, మూడేండ్ల ఆడగుర్రం. లక్షన్నర పెట్టు, నెలనెలా ఖర్చులో నీ వంతు కట్టుకో, అంతే." శనక్కాయలు అమ్మిన డబ్బు అప్పుడే చేతికొచ్చింది. ఆ సంగతి వాడికి ఎవరు చేరవేశారో నాకిప్పటికీ అనుమానమే.

మా వజ్రకరూరోళ్లకు అదృష్టం వెతుక్కోవడం కొత్త కాదు. తొలకరి పడితే ఎక్కడెక్కడి జనమో మా చేలల్లో దిగి, తలలొంచుకుని వజ్రాల కోసం రాళ్లు ఏరుతారు. వాళ్లకు పోయేది నాలుగు రోజుల కూలి, దారి ఖర్చు. గుర్రం అట్లా వదలదు. ట్రైనర్ ఫీజు, దాణా, లాడాలు, డాక్టరు... కాలికి దెబ్బ తగిలి నెలల తరబడి లాయంలో నిలబడినా బిల్లు ఆగదు.

అక్కడే వద్దనేయొచ్చు. లెక్క చూడకుండా వద్దనడం నాకు చేతకాదు.

మన దేశంలో జాతి గుర్రం ఏ నెలలో పుట్టినా వయసు జనవరి 1నే పెరుగుతుంది. రెండో ఏటో మూడో ఏటో పరుగు మొదలు. మగవాటితో పోటీ పడితే ఫిల్లీకి కిలోన్నర బరువు తగ్గిస్తారు. ముంబై మహాలక్ష్మిలో 1600 మీటర్ల 1000 గినీస్, 2400 మీటర్ల ఓక్స్ రేసులు ఆడవాటికే. నాలుగో ఏట డెర్బీ. 1943లో మొదటి ఇండియన్ డెర్బీ గెలిచింది ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఫిల్లీ, 2010లో జాక్వెలిన్. మావాడు ఈ పేర్లే పదేపదే చెప్పాడు. ఓడిన వాటి పేర్లు అమ్మేవాడు ఎందుకు చెబుతాడు?

నాకు మాత్రం ఆస్ట్రేలియా వింక్స్ లెక్క నచ్చింది. 2013 వేలంలో 2,30,000 ఆస్ట్రేలియా డాలర్లకు కొన్నారు. 43 రేసుల్లో 37 గెలిచింది, చివరి 33 వరసగా. బహుమతులే 2.6 కోట్ల డాలర్లు దాటాయి. 2019లో పరుగు మానింది. 2020లో తొలి పిల్ల చనిపోయి పుట్టింది. తర్వాత పుట్టిన ఆడపిల్ల 2024లో కోటి డాలర్లకు పోయింది. పాడింది కూడా వింక్స్ భాగస్వాముల్లో ఒకరే! అంటే, రేసులు ఆగినాక కూడా ఫిల్లీ ఖాతా మూతపడదు. గెలిచిన ఆడగుర్రం తల్లిగా ఇంకా విలువైనది.

అందుకే వాణ్ణి ఒకటే అడిగాను: "పరుగు అయిపోయినాక అది ఎవరిది?"

"స్టడ్ ఫామ్‌కు వెనక్కి పోతుంది అన్నా. మనది లీజు కదా."

నాకు తేలిపోయింది. ఖర్చుండే ఏళ్లు మనవి, తల్లి అయ్యాక వచ్చే విలువ వాళ్లది. తప్పని అనను, లీజుకు లీజు ధరే ఉండాలి. లక్షన్నర మాత్రం సొంతదారు ధరలా అనిపించింది.

పన్ను సంగతి కూడా చూశాను. పందెం కాసి గెలిస్తే 30 శాతం పన్ను, పోగొట్టుకున్నది అందులో తగ్గించనివ్వరు. యజమానికి కాస్త మెరుగు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం గుర్రాల నష్టాన్ని గుర్రాల ఆదాయంలోనే సర్దుకోవాలి, అదీ నాలుగేళ్ల లోపల. నా ఎరువుల అంగడి లాభానికి దానితో పని లేదు.

వాటా వద్దన్నాను. ఆ శనక్కాయల డబ్బులో ఎక్కువ భాగం ఆడగొర్రెల మీద పెట్టి, ఒక కాపరికి అప్పజెప్పాను. పుట్టిన పిల్లల్లో సగం ఆయనవి, సగం నావి. వేసవిలో మేత లేక మందను దూరం తోలుకుపోతాడు. చిటుక రోగం వస్తే రాత్రికి రాత్రే పోతాయి, అందుకే వానలకు ముందే టీకా వేయిస్తాను. లాభం పెద్దదేమీ కాదు. కానీ తల్లి నాదే.

ఆ ఫిల్లీ చిన్న రేసులు రెండు గెలిచిందట. మావాడు ఇప్పుడు ఇంకొకటి చూశాడు, ఈసారి లీజు కాదు, సొంతదారు వాటా. సరే, తల్లి వైపు వంశావళి పంపమన్నాను. రేసు గెలవకుండా స్టడ్ ఫామ్ చేరే ఫిల్లీకి ధర తెచ్చేది ఆ కాగితమే. ఈనని ఏడు దాన్ని మేపేదెవరో కూడా ఒప్పందంలో రాయమన్నాను.