మిషను మీద బొంత కుడుతున్నారా? మెడ, చెయ్యి, కన్ను జాగ్రత్త!

ఏ ఇంట్లో చూసినా పెట్టె అడుగున నాలుగు పాత చీరలు, రెండు పంచెలు ఉండనే ఉంటాయి. పారేయడానికి మనసొప్పదు, కట్టుకోవడానికి పనికిరావు. మన అమ్మలూ అమ్మమ్మలూ వాటినే పొరలు పొరలుగా పరిచి, చేతిసూదితో వరసలు కుట్టి బొంతలు చేసేవారు. ఇప్పుడదే పనిని కుట్టుమిషను మీద, పువ్వులూ లతలూ వచ్చేటట్లు కుట్టాలని ముచ్చటపడే గృహిణులు చాలామంది ఉన్నారు. పని మంచిదే. కాని నేర్చుకునే రోజుల్లో మెడ పట్టేయడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, కళ్ళు మండడం చాలామందికి అనుభవమే. అరవై దగ్గరపడిన వయసులో నేనీమధ్యనే నేర్చుకున్నాను. అందుచేత తెలిసినంత మీకు చెబుతాను.

మాది నిజాంపట్నం, ఇప్పటి బాపట్ల జిల్లా. ఈనాడు మా ఊరి పేరు చెబితే చేపల రేవు గుర్తొస్తుంది గాని, ఒకప్పుడు ఇది గుడ్డల రేవు. పరదేశులు దీన్ని పెటపోలి అనేవారు. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారి ‘గ్లోబు’ ఓడ ఇక్కడికి వచ్చింది ఈ తీరపు నూలుబట్టల కోసమే. అంతటి ఊళ్ళో పుట్టినా నాకు జాకెట్టు కుట్టడం తప్ప మరేమీ రాదు. కిందటేడు మావారు పోయారు. ఆయన పంచెలు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. అంతలో అమ్మాయికి నెల తప్పిందని తెనాలి నుంచి కబురొచ్చింది. ఆ పంచెలతో పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టాలనిపించింది.

రేపల్లెలో మిషన్ ఎంబ్రాయిడరీ చేసే ఒక అమ్మాయి నాకీ పని చూపించింది. మామూలు కుట్టులో సూది కింద ఉండే పళ్ళు గుడ్డను వెనక్కి జరుపుతాయి. ఈ కుట్టులో ఆ పళ్ళను దించేస్తారు. దించే వీలు లేని మిషనుకు పైన రేకు బిగిస్తారు. ఇక గుడ్డను అన్ని పక్కలకూ జరపవలసింది మన రెండు చేతులే. చెయ్యి తొందరపడితే కుట్లు సాగిపోతాయి, నెమ్మదిస్తే ఒకేచోట కుప్పపడతాయి. “పిన్నిగారూ, గుడ్డను లాగకండి. మెలికల ముగ్గు వేసినట్టు పోనివ్వండి,” అన్నది ఆ పిల్ల. నిజమే. ముగ్గుపిండి వేళ్ళ సందున ఒక్క తీరుగా జారాలంటే చెయ్యి ఎలా నడవాలో, ఇక్కడా అలాగే నడవాలి.

మొదట జానెడు ముక్క మీదనే అభ్యాసం చేయండి. మెత్తని పాతగుడ్డ మూడు పొరలు చాలు. బూరుగు దూది మిషను కింద జారి గడ్డకడుతుంది, కొత్తవారికి వద్దు. బెత్తెడుకొక పిన్నీసు పెట్టి, మధ్యనుంచి అంచులకు కుట్టుకుంటూ రండి. పిన్నీసు సూదికి దగ్గరకు రాగానే తీసేయాలి. మొదలుపెట్టేముందు కింది దారాన్ని పైకి లాగి పట్టుకోండి. పళ్ళు దించాం గదా అని పాదాన్ని దించడం మరచిపోవద్దు. దించకపోతే పైదారానికి బిగువు ఉండక, అడుగున పిచ్చుకగూడు తయారవుతుంది. రోజుకు పావుగంట చొప్పున మూడు వారాలు చేస్తే చేతికీ కాలికీ పొత్తు కుదురుతుంది.

ఇక ఒంటి సంగతి. సూదికి ఎదురుగా, తిన్నగా కూర్చోవాలి. మోచెయ్యి ఇంచుమించు లంబకోణంలో వంగి, ముంజెయ్యి మిషను బల్లతో సమానంగా ఉండాలి. ముక్కాలిపీట పొట్టిదయితే భుజాలు చెవులదాకా లేస్తాయి, మెడ పట్టేది అందుకే. దుప్పటి మడతవేసి పీట ఎత్తు పెంచండి. బొంత బరువు బల్ల మీదనుంచి కిందికి వేలాడితే, ఆ బరువంతా మోసేది మీ భుజాలే. ఎడమ పక్కన ఒక కుర్చీయో బల్లో వేసి, బొంతను దాని మీద ఆనించండి. ఇరవై నిమిషాలకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. భుజాలను వెనక్కి పదిసార్లు తిప్పండి.

చేతులతో గుడ్డను గట్టిగా అదిమిపట్టడం కొత్తవారందరికీ ఉండే అలవాటే. మణికట్టు వంచి, గంటలకొద్దీ అదిమితే అక్కడినుంచి వేళ్ళకు పోయే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, అర్ధరాత్రి చెయ్యి విదిలించుకుంటూ లేస్తారు. పట్టు ఉండే పల్చటి రబ్బరు తొడుగులు వేసుకుంటే, అరచేతులు తేలిగ్గా ఆనించినా గుడ్డ కదులుతుంది. అదమవలసిన పని ఉండదు.

ఇక్కడొక ముఖ్యమైన మాట. తిమ్మిరి అనగానే మిషను మీదకు నెట్టేయకండి. షుగరు వ్యాధి, థైరాయిడు లోపం, గర్భం కూడా ఈ తిమ్మిరికి దోహదం చేస్తాయి. నాకు తిమ్మిరి రెండు వారాలు తగ్గకపోతే డాక్టరుగారికి చూపించుకున్నాను. పరగడుపు రక్తపరీక్షలో చక్కెర 140 వచ్చింది. 126 గాని అంతకు మించి గాని వస్తే మరోసారి పరీక్షించి షుగరు వ్యాధిగా నిర్ణయిస్తారు. రెండోసారీ అంతే వచ్చింది. దాహం లేదు, నీరసం లేదు, ఏ లక్షణమూ లేదు. వేళ్ళు చెప్పకపోతే ఇంకెన్నాళ్ళకు బయటపడేదో! కాబట్టి తిమ్మిరి తగ్గకపోయినా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి మొదట కండ తగ్గినట్లు కనబడినా ఆలస్యం చేయకండి. షుగరు ఉన్నవారు కాలిమిషను తొక్కాక అరికాళ్ళు ఒకసారి చూసుకోవడం అవసరం. ఒరిపిడి పుండు నొప్పి తెలియకుండానే పడుతుంది.

నలభై దాటినవారికి దగ్గరి చూపు తగ్గడం సహజం. కళ్ళు చిట్లించి, మెడ వంచి కుట్టడం కంటె, కళ్ళు పరీక్ష చేయించుకొని జోడు పెట్టుకోవడం మేలు. సూదికీ కంటికీ ఉండే దూరం కొలిచి చెబితే దానికి తగిన అద్దాలు రాస్తారు. దీపం ఎడమ పక్కనుంచి పడితే కుడిచేతి నీడ సూది మీద పడదు. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన ఉన్న చెట్టునో గోడనో ఇరవై సెకండ్లు చూడండి. గుడ్డను వాటంగా కాక గుంజితే సూది వంగి విరుగుతుంది, ముక్క కంటికి ఎగరవచ్చు. ఆ విధంగా కూడా కళ్ళజోడు రక్షణే. మందపాటి గుడ్డకు 14 లేక 16 నంబరు సూది వాడండి.

వేలిలో సూది దిగితే కంగారుపడి చెయ్యి లాగకండి. కరెంటు మిషనయితే ముందు స్విచ్చి ఆపండి. చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని పైకి లేపండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో కడగండి. ముక్క లోపలే ఉండిపోయిందని అనుమానముంటే ఇంట్లో కెలకవద్దు, ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించండి. ధనుర్వాతం టీకా గడువు సంగతి కూడా డాక్టరును అడగండి.

పెట్టెలో ఏళ్ళు మగ్గిన గుడ్డల్లో దుమ్ము, కంటికి కనిపించని పురుగులు ఉంటాయి. ఉబ్బసం వారికి అవి పడవు. కుట్టేముందు బాగా వేడినీళ్ళలో ఉతికి, పూర్తిగా ఎండబెట్టండి. మా తీరపు గాలిలో తేమ ఎక్కువ కనుక, చెయ్యి పెడితే చెమ్మ తగలనంతవరకు మడతపెట్టవద్దు.

చివరగా పసిబిడ్డ సంగతి. బొంత పూర్తయ్యేసరికి అమ్మాయి ఏడో నెలలో ఉన్నది. పిల్లల డాక్టరుగారు దానితో చెప్పిన మాట ఇది: ఏడాది నిండేవరకు నిద్రపోయే బిడ్డకు బొంత కప్పకూడదు, తలగడ పెట్టకూడదు. మెత్తని దళసరి గుడ్డ మొహం మీద పడితే ఊపిరి ఆడదు, ఒళ్ళూ వేడెక్కిపోతుంది. గట్టి చదునైన పడక మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. “అమ్మా, మరి నాన్న పంచెల బొంత?” అన్నది అమ్మాయి కళ్ళనీళ్ళతో. నా మనసూ చివుక్కుమన్నది. మనమంతా బొంతల్లోనే పెరిగాం గదా అనిపించింది. కాని తెలిసిన ప్రమాదాన్ని ముచ్చట కోసం ఒడిలో పెట్టుకోలేం. ఆ బొంతను బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, ఎదుట మనిషి ఉండగా, బోర్లాపడి ఆడుకోవడానికి నేల మీద పరుస్తాం. ఏడాది దాటాక కప్పుకుంటుంది. తాతగారి పంచె అంతకాలం ఆగుతుంది.

కుట్టు దుఃఖానికి మందని నేను చెప్పను. నిద్ర లేకపోవడం, దిగులు వారాల తరబడి సాగితే వైద్యుని సలహా తీసుకోవలసిందే. ఆ పావుగంటసేపు సూది వెంట నడిచిన మనసు మరోవైపు పోదు, అంతవరకు నిజం. మీరు కూడా మొదలుపెట్టండి. అయితే ముందు పీట ఎత్తు, దీపం, కళ్ళజోడు చూసుకొని, గుడ్డ ఆ తరవాత చేతపట్టండి.